తవిటమ్మ టీకాకు ఎవరి సంతకం?

మా చిన్నాన్న మనవరాలు ఈ ఏడాది నర్సింగ్ కాలేజీలో చేరింది. చేరేముందు మా ఇంటికి వచ్చి, "అత్తా, స్కూల్ టీములో పని ఏటి ఉంటాది?" అని అడిగింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి రావడం తక్కువ. ఆ ఒక్క ప్రశ్న తర్వాత మిగతాదంతా తమిళంలోకి దిగిపోయింది. నేను జవాబు చెప్పడం మొదలుపెట్టేలోపే ఫోన్ మోగి వెళ్లిపోయింది. అందుకని రాస్తున్నాను. తను చదవలేకపోయినా వాళ్ల నాన్న చదివి వినిపిస్తాడు.

నా పేరు పైడమ్మ. మలేషియాలో సుంగై సుమున్ దగ్గర తోటలో పుట్టాను. ప్రభుత్వ క్లినిక్‌లో నర్సుగా చేరి, ఉద్యోగంలో ఎక్కువ కాలం బడులకు వెళ్లి టీకాలు వేసే బృందంలోనే గడిపాను. ఈ దేశంలో నర్సును పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరూ 'మిస్సీ' అంటారు, ఏ భాషలో మాట్లాడినా మాట చివర 'లా' తగిలిస్తారు. పనిచేసిన జిల్లా పేరు ఇక్కడ రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

సూది వేయడం చిన్న పని

ఒకటో తరగతి పిల్లలకు రెండు సూదులు, హైస్కూల్లో అడుగుపెట్టిన ఆడపిల్లలకు గర్భాశయ క్యాన్సర్ రాకుండా ఒకటి, ఇంకాస్త పెద్దవాళ్లకు ధనుర్వాతం టీకా. ఇదీ మా పని. సూది వేయడం కాలేజీలో నేర్పుతారు. వరుసను ఎలా నడపాలో ఎవరూ నేర్పరు.

నొప్పి ఉండదని ఎప్పుడూ చెప్పకు. మొదటి పిల్లవాడికి అది అబద్ధమని తెలిసిపోతుంది, వాడు వెనక్కి వెళ్తూ వరుస మొత్తానికి చాటింపు వేస్తాడు. "కొంచెం నొప్పి, తొందరగా పోతాది" అని చెప్పు. ధైర్యంగా ఉన్నట్టు ఛాతీ విరుచుకుని నిలబడ్డవాణ్ణి ముందు పిలవకు. అలాంటివాడే ముందు ఏడుస్తాడు. నిద్రమొహంతో దిక్కులు చూస్తున్న పిల్లను పిలువు. ఇక కళ్లు తిరిగి పడిపోయేది చిన్నపిల్లలు కాదు, మీసాలు మొలుస్తున్న అబ్బాయిలు. వాళ్లను కూర్చోబెట్టే వెయ్యి, నిలబడతామంటే వినకు.

ఇవన్నీ నెలలో వచ్చేస్తాయి. అసలు పని బడికి వెళ్లకముందే ఉంటుంది. ఆ పని గురించే చెప్పాలి.

తిరిగిరాని కాగితాలు

మలేషియాలో బడిపిల్లలకు టీకా చట్టప్రకారం తప్పనిసరి కాదు. చాలామంది తప్పనిసరి అనుకుంటారు, మనమూ ఆ అపోహను పనిగట్టుకుని తొలగించం. ముందుగా ఇంటికి ఒక అనుమతి కాగితం వెళ్తుంది. తల్లో, తండ్రో, సంరక్షకుడో సంతకం పెట్టి పంపితేనే సూది. ఒప్పుకుంటున్నామని కొన్ని వస్తాయి, వద్దని కొన్ని వస్తాయి. కొన్ని అసలు తిరిగి రావు.

తిరిగిరానివాటిని మా ఆఫీసులో 'నిరాకరణ' కింద వేసేవాళ్లం. వేరే గడి లేదు. కాగితం సంచీలో వానకు తడిసి ముద్దయినా నిరాకరణే, తండ్రి ఊళ్లో లేకపోయినా నిరాకరణే. మామూలు రోజుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. డిఫ్తీరియా మళ్లీ కనబడుతోందని పేపర్లలో వచ్చాక అందరి కళ్లూ ఆ గడి మీదే పడ్డాయి.

అప్పుడే టీకా లేకపోతే బడిలో చేర్చుకోకూడదని చట్టం తేవాలన్న మాట గట్టిగా వినబడింది. తేవాలనేవాళ్లు మా గడిలోని అంకె చూపించి, ఇంతమంది మొండివాళ్లు ఉన్నారు చూడండి అన్నారు. వద్దనేవాళ్లు కూడా అదే అంకె చూపించి, ఇంతమంది పిల్లలను వీధిలో నిలబెడతారా అని అడిగారు. ఆ గడిలో ఎవరున్నారో వెళ్లి చూసినవాళ్లు రెండు పక్షాల్లోనూ లేరు.

మా మీద ఆఫీసర్ డాక్టర్ రమ్లా. మంచి డాక్టరు, మాట కరుకు. ఆమె చట్టం పక్షం. "ఒక్కో ఇంటికీ వెళ్లి బతిమాలడానికి నాకు నర్సులు లేరు. చట్టం వస్తే వాళ్లే వస్తారు" అనేది. ఆమె మాటలో న్యాయం లేదని నేను అనలేను. టీకా వేయడానికి ఇంకా వయసు రాని పసికందులు కోరింత దగ్గుతో ఆస్పత్రికి వచ్చినప్పుడు వాళ్లను చూసింది ఆమె. మేం చూసింది బడులనే.

సింహాచలం

పామాయిల్ తోట పక్కన ఒక చిన్న తమిళ బడి. తెలుగువాళ్ల పిల్లలూ అక్కడే చదువుతారు. మా తాతల నాటి తెలుగు బడులు ఎప్పుడో మూతపడ్డాయి. ఆ ఏడాది ఒకటో తరగతిలో గుప్పెడుమందే ఉన్నారు. ఒక పిల్ల కాగితం రాలేదు. మళ్లీ పంపితే ఖాళీగా తిరిగి వచ్చింది. అవును అని లేదు, కాదు అని లేదు, సంతకం లేదు. తండ్రి పేరు సింహాచలం. పోర్ట్ క్లాంగ్ రేవుకు కంటైనర్ లారీ నడుపుతాడు, ఆదివారం ఇంట్లో ఉంటాడు.

వాట్సాప్‌లో ఏదో చదివి భయపడి ఉంటాడనుకుని, వాటికి చెప్పే జవాబులన్నీ మనసులో సిద్ధం చేసుకుని ఆదివారం వెళ్లాను. ఒక్క జవాబు కూడా పనికి రాలేదు.

సింహాచలం కుర్చీ వేసి, "సూదికి నాను ఒద్దన్లేదు మిస్సీ. కావాలంటే ఇప్పుడే ఎయ్యి" అన్నాడు.

"మరి సంతకం?"

అతను వాళ్లమ్మ వైపు చూశాడు. ముసలమ్మ పేరు అప్పాయమ్మ. గుమ్మంలో కూర్చుని కరివేపాకు దూస్తోంది. నా వైపు చూసి, "ఎవురి గుంటవే నువ్వు?" అంది. సుంగై సుమున్ ఎర్రయ్య కూతుర్నని చెప్పాను.

"ఓలమ్మ, ఎర్రయ్య కూతురివా! అయితే నీకు సెప్పొచ్చు. ఆ గుంట మాది కాదమ్మా."

"మరెవరిది?"

"పక్కింటి సూరమ్మది. తవుడికి ఇచ్చేసినాం."

అప్పుడు వెలిగింది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మా వాళ్లలో ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను చేటెడు తవుడుకు వేరేవాళ్లకు అమ్మినట్టు చేస్తారు. అమ్మేశాక ఆ బిడ్డ మీది కాదు. మీది కానప్పుడు మృత్యువు మీ గుమ్మంలోకి వచ్చి వెతికినా దొరకదు. మా పెద్దనాన్న పేరు తవుడు. మా తోటలో తవిటమ్మలు, తవిటినాయుళ్లు ఎంతోమంది ఉండేవారు. ఆ ఆచారం పేర్లలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదనే నేను అనుకున్నాను.

సింహాచలం, గౌరి దంపతులకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోది ఈ పిల్ల. బడిలో పేరు దివ్య. మూడేళ్లప్పుడు డెంగీ వచ్చి ప్రాణం మీదికి వచ్చింది. ఆస్పత్రిలో ఉండగానే అప్పాయమ్మ కోళ్లమేత కొట్లో తవుడు తెప్పించి, సూరమ్మ చేతుల మీదుగా గుళ్లో తంతు జరిపించింది. పిల్ల కోలుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో పేరు తవిటమ్మ. తల్లిదండ్రులు ఆ పిల్లను నలుగురిలో 'మా గుంట' అనరు. బడిలో చేర్పించడానికి కూడా సూరమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. బర్త్ సర్టిఫికెట్ చూసి గుమాస్తా మిగతాది రాసుకున్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

"ఆస్పత్రి మందిచ్చినాది, కాదన్ను" అంది అప్పాయమ్మ. "ప్రాణం కొన్నది మాత్రం సూరమ్మే."

సింహాచలం నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చాడు. "నాకు ఇయ్యన్నీ నమ్మకం లేదు మిస్సీ. బయ్యం ఉంది. తండ్రి అని అచ్చేసిన గీత మీద నా సెయ్యి పెట్టమనకు. ఇద్దర్ని పాతిపెట్టినాను లా" అన్నాడు.

అతనికి చదువుకున్న మనిషికి చెప్పినట్టు చెప్పవచ్చు, వింటాడు కూడా. కానీ ఆ ఇద్దరి సంగతి విన్నాక ఆ పని చేయబుద్ధి కాలేదు. కాగితం సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

డాక్టర్ రమ్లా సలహా

డాక్టర్ రమ్లాకు చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వాళ్ల అమ్మమ్మ ఊళ్లో కూడా మాటిమాటికీ జబ్బు పడే పిల్లలను మాటవరసకు ఇంకొకరికి ఇచ్చి పేరు మార్చేవాళ్లట. చాలా తేలికైన ఉపాయం చెప్పింది. సూరమ్మ ప్రమాణాలు చేయించే కమిషనర్, అంటే నోటరీ లాంటి మనిషి, దగ్గరకు వెళ్లి, ఈ పిల్లకు నేను సంరక్షకురాలినని తల్లిదండ్రుల సమ్మతితో రాయించుకుంటే ఆమె సంతకం చెల్లుతుంది. పిల్లకు సూది పడుతుంది, ముసలమ్మ ఆచారం నిలుస్తుంది, చట్టానికీ ఇబ్బంది లేదు. నాకూ బాగానే ఉందనిపించింది.

వెళ్లి చెప్పాను. అప్పాయమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. సూరమ్మ వితంతువు, పిల్లలు లేరు. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్దామని నేను వచ్చేసరికి మంచి చీర కట్టి, తలలో పూలు లేకపోయినా నూనె రాసి నున్నగా దువ్వుకుని, గుర్తింపు కార్డు చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడింది. ఆ ముఖంలోని సంతోషం నేను చూశాను. గౌరి కూడా చూసింది.

గౌరి నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. అంతవరకు ఆమె నాతో పెద్దగా మాట్లాడలేదు. "సామి దగ్గర ఇచ్చిన మాట సామి దగ్గరే ఉంటాది మిస్సీ. రాత్రయితే గుంట నా పక్కనే పడుకుంటాది. గవర్మెంటు దగ్గర కూడా ఇచ్చేసినాక నాకేటి మిగులుతాది?" అని ఏడ్చింది.

ఉపాయం అక్కడితో ఆగిపోయింది. సూరమ్మ కార్డు కొంగున ముడేసుకుని ఇంటికి వెళ్లింది. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆఫీసులో అందరికీ నచ్చిన పరిష్కారం ఇంట్లో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. ఆ ఒకరు సాధారణంగా మాట్లాడని మనిషే. ముందు వాళ్లను అడుగు.

హాల్లో అడిగిన ప్రశ్న

ఆ నెలలోనే మా వైపు శాసనసభ్యుడు తోట పక్క హాల్లో టీకా చట్టం మీద సమావేశం పెట్టాడు. ఇక్కడ శాసనసభ్యులను 'వైబీ' అంటారు. ఆయన తమిళుడు, బాగా మాట్లాడతాడు, చట్టం రావాలనే పట్టుదల ఉన్నవాడు. టీకా లేని పిల్ల పక్కన మీ పిల్లను కూర్చోబెడతారా అని అడిగితే హాలంతా అడ్డంగా తల ఊపింది.

బడి హెడ్‌మాస్టర్ లేచాడు. "ప్రాథమిక చదువు తప్పనిసరి అని చట్టం ఇప్పటికే ఉంది సార్. పిల్లను బడికి పంపకపోతే తండ్రిది నేరం. మీ కొత్త చట్టం వస్తే అదే పిల్లను గేటు దగ్గర ఆపాల్సింది నేను. రెండు చట్టాల్లో నేను దేన్ని పాటించాలి? నా ఒకటో తరగతిలో ఉన్నదే ఇంతమంది. ఇద్దరు తగ్గితే తరగతి ఉంచుతారా?"

హెడ్‌మాస్టర్ ప్రశ్న నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది. వైబీ మాత్రం దానికి జవాబు చెప్పలేదు. రాజకీయాల్లో ఉన్నవాళ్లు కష్టమైన ప్రశ్న వస్తే వేలెత్తి చూపడానికి ఒక మనిషిని వెతుకుతారు. "మీ బడిలోనే ఒక కుటుంబం కాగితం ఖాళీగా తిప్పి పంపిందని విన్నాను. పేరు చెప్పను. మాటవరసకు అడుగుతున్నాను, ఆ బిడ్డ తండ్రి ఎవరు?" అన్నాడు.

చిన్న ఊరు. పేరు చెప్పనక్కర్లేదు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. సింహాచలం లారీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, పనిబట్టల్లోనే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముందు వరుసలో అప్పాయమ్మ, ఆవిడ పక్కన గౌరి, ఆ పక్కన సూరమ్మ. ఆ ఊళ్లో అతన్ని నాలుగేళ్లుగా ఎవరూ అడగకూడని ప్రశ్నే ఆ పెద్దమనిషి మైకులో అడిగాడు, ఏమీ తెలియకుండా.

సింహాచలం గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. తమిళంలో అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పాడు.

"నానే. ఆ గుంట నా కూతురు."

అప్పాయమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. సూరమ్మ లేచి బయటకు వెళ్లిపోయింది. గౌరి మాత్రం కదలకుండా కూర్చుని మొగుణ్ణే చూసింది. వైబీకి ఆ మాట అర్థమయిందో లేదో తెలియదు. మంచిది, మంచిది అని చప్పట్లు కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా కొట్టారు. సింహాచలం నా దగ్గరకు వచ్చి, "మిస్సీ, కాగితం తే" అన్నాడు. నా సంచీలో ఖాళీ కాగితాలు ఎప్పుడూ ఉంటాయి. గోడకు ఆనించి సంతకం పెట్టాడు.

జ్వరం

తవిటమ్మకు సూదులు నేనే వేశాను. ఏడవలేదు. ఆ పిల్ల నిద్రమొహం రకం. టీకా తర్వాత కొందరికి కాస్త జ్వరం వస్తుందని ప్రతి ఇంటికీ చెప్పినట్టే ఈ ఇంటికీ చెప్పి వచ్చాను. ఈ ఇంట్లో ఆ మాట ఎలా వినబడుతుందో ఆలోచించలేదు.

మర్నాడు మధ్యాహ్నం సింహాచలం ఫోన్ చేశాడు. ఆ రోజు లారీకి వెళ్లలేదట. "మిస్సీ, ఒళ్లు కాలిపోతున్నాది" అన్నాడు.

నేను వెళ్లేసరికి పిల్ల చాప మీద పడుకుని ఉంది. గౌరి తడిబట్టతో నుదురు తుడుస్తోంది. సింహాచలం పిల్లకు దూరంగా, గోడ వారన కూర్చున్నాడు, దగ్గరకు వెళ్తే ఏమవుతుందో అన్నట్టు. అప్పాయమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉంది, పక్కనుంచి లోపలికి వెళ్లాను.

"ఎర్రయ్య కూతురా, నిజం సెప్పు. ఇది సూది జొరమా, అమ్మోరి జొరమా?"

నిజం చెప్పాలంటే నాకూ భయం వేసింది. డెంగీ ఉండే ప్రాంతం అది. జ్వరం జ్వరమే, మొహం మీద పేరు రాసుకుని రాదు. పిల్లను తల నుంచి పాదాల దాకా చూశాను. సూది వేసిన చోట కాస్త వాపు, వేడి. మచ్చలు లేవు, కడుపునొప్పి లేదు, నీళ్లు తాగుతోంది. అప్పుడు ముసలమ్మ దగ్గరకు వచ్చాను. మలయ్ భాషలో అచ్చేసిన కరపత్రం సంచీలోనే ఉంది, తియ్యలేదు.

"సూది జొరమే. సూది ఏసింది నాను. ఏటైనా అయితే నన్ను అడుగు. నీ కొడుకుని ఒక్క మాట అనకు" అన్నాను. ఆ ఇంట్లో నాకు కూడా మా వాళ్ల యాసే వచ్చింది.

ముసలమ్మ గుమ్మంలోంచి జరిగింది. నేను చాప పక్కన కూర్చున్నాను. కాసేపటికి సూరమ్మ గంజి తీసుకుని వచ్చింది. హాల్లోంచి వెళ్లిపోయిన మనిషి మళ్లీ ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారట. గౌరి జరిగి ఆమెకు చోటిచ్చింది. సాయంత్రానికి చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. తవిటమ్మ లేచి కూర్చుని బిస్కెట్లు అడిగింది. సింహాచలం అప్పుడు లేచి వచ్చి పిల్లను ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంత పిల్లను ఎత్తుకుంటారా అని ఎవరూ వేళాకోళం చేయలేదు. నాకు ఏడుపు వచ్చింది, వంటింట్లోకి వెళ్లి మొహం కడుక్కున్నాను.

చట్టం సంగతి

తర్వాత జరిగిన ప్రతి సమావేశంలోనూ సింహాచలం కథ వినబడింది, ఒక్కోచోట ఒక్కోలా. గట్టిగా నిలదీస్తే ఎంత మొండివాళ్లయినా దిగివస్తారనడానికి వైబీ అతన్ని చూపించాడు. చట్టం లేకపోయినా జనం తమంతట తామే ఒప్పుకుంటారని హెడ్‌మాస్టర్ చెప్పాడు. డాక్టర్ రమ్లా అంకెను ఒక గడిలోంచి తీసి ఇంకో గడిలో వేసింది. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. అతను ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడి ఆ మాట అన్నాడో మిగతా ఇద్దరికీ తెలియదు, తెలిసిన డాక్టర్ రమ్లా దగ్గర దానికి గడి లేదు. నేనూ ఇంకెవరికీ చెప్పలేదు, అది నేను చెప్పాల్సిన సంగతి కాదనిపించింది.

చట్టం ఇంకా రాలేదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా మాట లేస్తుంది, మళ్లీ అణుగుతుంది. మధ్యలో కోవిడ్ వచ్చి ఆ వాదనకు ఇంకా కోపం కలిపింది. నన్నడిగితే చట్టం రావాలనే అంటాను. టీకా వద్దని నిజంగా, తెలిసి, గర్వంగా చెప్పే తల్లిదండ్రులను నేను చూశాను. వాళ్లతో గంటలు గంటలు మాట్లాడాను, ప్రయోజనం లేదు. వాళ్ల మొండితనానికి పక్కింటి పసికందు మూల్యం చెల్లించకూడదు. అయితే శిక్ష ఏదైనా పెద్దవాళ్లకు పడాలి, పిల్లను గేటు దగ్గర ఆపకూడదు. ఒక మనిషిని ఆ గడిలో వేసేముందు ఎవరో ఒకరు వాళ్ల ఇంటికి వెళ్లి అడగాలి. దానికి నర్సులు చాలరని డాక్టర్ రమ్లా అంటే, ముందు నర్సులను ఇవ్వండి అంటాను. ఆమెతో నాకు ఎప్పుడూ తెగని తగువు ఇది. రిటైరయ్యాక కూడా ఫోన్లో అదే తగువు.

పోయిన ఏడాది సింహాచలం ఫోన్ చేశాడు. తవిటమ్మ హైస్కూల్లో చేరింది, ఆడపిల్లల టీకాకు కాగితం వచ్చిందట.

"సంతకం పెట్టి పంపేసినాను మిస్సీ. సూది ఏరే మిస్సీ ఏత్తాది. నువ్వు మాత్రం మర్నాడొచ్చి మా ఇంట్లో కూకోవాల."

"నేనెందుకు? రిటైరయ్యాను కదా."

"అమ్మ అడుగుతున్నాది లా. జొరం ఒత్తే ఎవుర్ని అడగాలని."

వెళ్లాను. తవిటమ్మ నా కంటే పొడుగైంది. కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంది. అప్పాయమ్మ మాటిమాటికీ వచ్చి నుదుటి మీద చెయ్యి వేస్తుంటే, "ఏటీ లేదు లా నానమ్మా!" అని విసుక్కుంది. జ్వరం రాలేదు. రాలేదని ముసలమ్మకు నమ్మకం కుదిరేదాకా సింహాచలం, గౌరి, సూరమ్మ, నేను సాయంత్రం వరకు అక్కడే కూర్చున్నాం.